తయారీ ఆగిపోయిన పురుషుల పరిమళం కోసం బుటీక్‌కు వెళ్ళేటప్పుడు

ఎన్నో ఏళ్ళు వాడిన పెర్ఫ్యూమ్ ఉన్నట్టుండి మార్కెట్లో కనిపించకుండా పోతే, దాన్ని వెతకడం ఆ సంస్థ ప్రధాన బుటీక్ నుంచే మొదలుపెట్టాలి. మామూలు దుకాణాలు వేగంగా అమ్ముడుపోయే సరుకునే పెట్టుకుంటాయి. పరిమితంగా తయారుచేసినవి, పాతవాటిని తిరిగి తెచ్చినవి చాలావరకు సంస్థ సొంత బుటీక్‌లోనే ఉంటాయి.

అక్కడ అడగవలసిన మొదటి ప్రశ్న, ఆ పరిమళాన్ని వేరే పేరుతో ఏమైనా అమ్ముతున్నారా అన్నది. ఫ్రెంచ్ పరిమళాల సంస్థ గెర్లాన్ 1998లో తెచ్చిన కోరియోలాన్ అనే పురుషుల పరిమళాన్ని కొన్నాళ్ళకు ఆపేసి, తరువాత దాన్నే ‘లామ్ దన్ ఎరో’ అనే పేరుతో మళ్ళీ తీసుకువచ్చింది. ఈ సంగతి తెలియని కొత్త ఉద్యోగిని కోరియోలాన్ ఉందా అని అడిగితే, లేదనే సమాధానమే వస్తుంది. కాబట్టి ఆ బుటీక్‌లో ఎక్కువ కాలంగా పనిచేస్తున్న వారితో మాట్లాడటానికి ప్రయత్నించండి. రద్దీ లేని పనిరోజు ఉదయం వెళితే వారికీ తీరిక ఉంటుంది, మీ ముక్కూ అలసిపోయి ఉండదు.

వెళ్ళే ముందు మీ పాత సీసాపై ఉన్న పూర్తి పేరును, అది ఓ డి టాయిలెట్టా (గాఢత తక్కువది) ఓ డి పర్ఫ్యూమా (గాఢత ఎక్కువది) అన్న వివరాన్ని, సుమారుగా ఏ సంవత్సరంలో కొన్నారో రాసిపెట్టుకోండి. ఒకే పేరుతో వచ్చే ఈ రెండు రకాలూ గాఢతలోనే కాక కూర్పులో కూడా వేరుగా ఉండవచ్చు. సీసా అడుగున నాలుగు చుక్కలు మిగిలి ఉంటే దాన్నే వెంట తీసుకువెళ్ళండి, ఎందుకంటే జ్ఞాపకంలోని వాసనతో పోల్చి చూడటం కన్నా చేతిలో ఉన్న వాసనతో పోల్చడం ఎంతో నమ్మదగినది.

పేరు అదే అయినా, సీసా అదే అయినా, లోపలి ద్రవం మారి ఉండవచ్చని కొనేవారు తప్పక తెలుసుకోవాలి. పాత తరం పురుషుల పరిమళాలు చాలావాటికి అడవి నేల లాంటి లోతైన వాసననిచ్చింది ఓక్‌మాస్. ఇది ఓక్ చెట్ల బెరడు మీద నాచులా పెరిగే ఒక లైకెన్ (శిలీంధ్రం, శైవలం కలిసి బతికే జీవి). ఇందులోని అట్రనాల్, క్లోరోఅట్రనాల్ అనే పదార్థాలు కొందరి చర్మానికి అలర్జీ కలిగిస్తాయని యూరోపియన్ యూనియన్ 2017లో వాటిని, వాటితో పాటు లైరల్ అనే కృత్రిమ సుగంధ పదార్థాన్ని నిషేధించింది. ఆ పదార్థాలున్న కొత్త సరుకును 2019 ఆగస్టు నుంచి మార్కెట్లోకి విడుదల చేయకూడదు. అంతకుముందే విడుదలైన సరుకును కూడా 2021 ఆగస్టు నుంచి అమ్మకూడదు. 2022 మార్చిలో లిలియల్ అనే మరో కృత్రిమ సుగంధ పదార్థం కూడా ఆ జాబితాలో చేరింది. అందువల్ల, నిషేధిత పదార్థాలున్న పాత సీసాలు యూరోపియన్ యూనియన్ దేశాల్లోని బుటీక్ గిడ్డంగిలో మిగిలి ఉన్నా అమ్మే వీలు వారికి లేదు. కూర్పు ఎప్పుడు మారిందని మర్యాదగా అడగండి. తెలిసినవారు చాలాసార్లు నిజాయితీగానే చెబుతారు.

పరీక్షించే రోజున ఏ పెర్ఫ్యూమూ పూసుకోకుండా, వాసన లేని సబ్బుతో స్నానం చేసి వెళ్ళండి. ముందు కాగితపు పట్టీల మీద చూసి, నచ్చిన రెండింటినే చర్మం మీద, చెరో మణికట్టుకు ఒక్కొక్కటి చొప్పున చల్లుకోండి. రుద్దవద్దు. మొదట గుప్పుమనే నిమ్మజాతి వాసనలు కొద్దిసేపట్లోనే పోతాయి. కలప, తోలు, రెసిన్ల వాసనలు పైకి రావడానికి గంటలు పడుతుంది. కూర్పు మార్చినప్పుడు తేడా ఎక్కువగా తెలిసేది ఈ చివరి దశలోనే. అందుకే ఆ రోజు కొనకుండా బయటికి వచ్చేయమనే నా సలహా. చిన్న శాంపిల్ ఇస్తారేమో అడిగి, ఇంటికి తెచ్చుకుని, ఒక చేతికి అది, మరో చేతికి మీ పాతది పూసుకుని సాయంత్రం దాకా గమనించండి.

బుటీక్‌లో దొరకని పక్షంలో పాత సీసాలు అమ్మేవారి దగ్గరికి వెళ్ళక తప్పదు. అప్పుడు సీసా అడుగున ఉన్న బ్యాచ్ కోడ్ (ఏ విడతలో తయారైందో తెలిపే గుర్తు), పెట్టె మీది కోడ్ ఒకటేనా, ద్రవం ఎంతవరకు ఉంది, రంగు మరీ ముదిరిందా అన్నవి ఫొటోల్లో అడిగి చూడండి. సీలు వేసి ఉన్నంత మాత్రాన లోపలిది చెడిపోలేదని అనుకోవద్దు, ఎండ తగిలే అద్దాల అల్మారాలో ఏళ్ళ తరబడి ఉన్న సీసా కన్నా, చీకటిలో పెట్టె లోపల ఉంచిన సగం వాడిన సీసాయే మేలు. కొనే ఉద్దేశం లేక, ఒకసారి వాసన చూస్తే చాలనుకునేవారికి ఫ్రాన్స్‌లోని వెర్సాయ్‌లో 1990లో ఏర్పడిన ఓస్మోతెక్ అనే పరిమళాల భాండాగారం ఉంది. అక్కడ కనుమరుగైన పరిమళాలను ఆర్గాన్ వాయువు కింద, 12 డిగ్రీల చల్లదనంలో భద్రపరుస్తారు.

ఎక్కడ కొన్నా, సీసాను స్నానాలగదిలో పెట్టకుండా, దాని పెట్టెలోనే ఉంచి, వేడీ వెలుతురూ తగలని బీరువాలో నిలబెట్టి దాచండి.