చెక్క పడవ, చేతి పని – 7వ పాఠం: పడవకు నీళ్ళు తాపడం

ఈ పాఠంలో తెరచాప ఎత్తడం నేర్పుతానని చెప్పాను. కుదరదు. ముందు ఎండిన పలకలను నీళ్ళతో ఉబ్బనివ్వడం గురించి చెప్పాలి. 6వ పాఠంలో నీళ్ళు రాకుండా పలకల సందుల్లో దూది కూరడం నేర్పాను, అది చదివిన వాళ్ళలో ముగ్గురి పడవలు ఇప్పుడు చిక్కుల్లో పడ్డాయి. ముగ్గురూ ఫొటోలు పంపారు. అవి చూశాక చాప మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు.

ముందు ఒంగోలు తమ్ముడి సంగతి. కొత్తపట్నం దగ్గర కాలువలో పడవ దింపాడు. మూడో రోజు పొద్దున వెళ్ళి చూస్తే అడుగు నుంచి రెండో పలక పక్కటెముకను (పలకలను లోపలి నుంచి పట్టి ఉంచే వంపు కొయ్యను) వదిలి అరంగుళం బయటికి వచ్చి ఉంది. రెండు మేకులు ఊడాయి. ఎవరూ గుద్దలేదు, ఏ రాయీ తగల్లేదు. "అన్నా, గట్టిగా కూరమని మీరే కదా రాశారు" అన్నాడు. రాశాను. తప్పు నాదే. కొయ్య సుత్తితో అలవాటైన నా చేతికి "గట్టిగా" అంటే ఒకటి, ఇనుప సుత్తి పట్టిన పాతికేళ్ళ కుర్రాడికి ఇంకొకటి. ఆ మాట కొట్టేసి ఇలా రాసుకోండి: దూది వత్తి సందులో కూర్చున్నాక బొటనవేలి గోటితో నొక్కితే కొంచెం లోపలికి దిగాలి. దిగకపోతే పీకి, సగం దూదితో మళ్ళీ కూరండి.

ఎందుకో చెబుతాను. మన ప్రకాశం వాళ్ళకు ఇది తొందరగా అర్థమవుతుంది, చీమకుర్తి పక్కనే ఉంది కాబట్టి. ఇప్పుడు అక్కడ గ్రానైటును వైరు రంపాలతో కోస్తున్నారు గానీ, యంత్రాలు లేని కాలంలో రాయి చీల్చడానికి ఒక పద్ధతి ఉండేది. వరసగా గుంటలు తొలిచి, వాటిలో బాగా ఎండిన చెక్క మేకులు దిగ్గొట్టి, నీళ్ళు పోసేవాళ్ళు. చెక్క ఉబ్బి బండ చీలేది. బండనే చీల్చిన చెక్కకు రెండు రాగి మేకులు ఒక లెక్కా?

కొయ్య ఉబ్బేది అడ్డంగానే. పొడవులో పెరిగేది లెక్కలోకి రాదు. 6 అంగుళాల వెడల్పున్న టేకు పలక ఎండాకాలపు ఎండు నుంచి నీళ్ళ తడికి వచ్చేసరికి, కోసిన తీరును బట్టి, ఉజ్జాయింపుగా 2, 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. చాలా తక్కువ అనిపిస్తుంది. కానీ 14 అడుగుల పడవకు ఒక్కో పక్క 8 పలకలు ఉంటే, అన్నీ కలిసి 2 సెంటీమీటర్ల దాకా చోటు అడుగుతాయి. ఆ చోటు సందుల్లోనే ఉండాలి. మీరు దాన్ని దూదితో రాయిలా నింపేస్తే పలక వేరే చోటు వెతుక్కుంటుంది. ఒంగోలు పలక వెతుక్కున్నది అదే.

రెండో ఫొటో కావలి మాస్టారు పంపారు. ఆయన హైదరాబాదులో పాత ఎంటర్‌ప్రైజ్ రకం తెరచాప పడవ కొని లారీలో తెప్పించుకున్నారు. ముచ్చటైన పడవ, 1956లో ఇంగ్లండు పడవల రూపకర్త జాక్ హోల్ట్ గీసిన నమూనా, 13 అడుగుల పైచిలుకు. ఆయన దాన్ని నాలుగు రోజులు చెరువులో నానబెట్టి "లీకు తగ్గలేదేమండీ" అని అడిగారు. మాస్టారూ, అది ప్లైవుడ్ పడవ. ప్లైవుడ్‌లో పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికించి ఉంటాయి. ఒక పొర ఉబ్బబోతే పక్క పొర పట్టి ఆపుతుంది. నెల రోజులు నానబెట్టినా సందు మూసుకోదు, పైగా అంచుల్లో పొరలు లేస్తాయి. మీది బయటికి తీసి, నీడన ఆరబెట్టి, విడిపోయిన అతుకును ఎపాక్సీ జిగురుతో అతికించుకోవాలి. ముక్క మార్చాల్సి వస్తే ఐఎస్ 710 (పడవల ప్లైవుడ్‌కు ఉన్న భారత ప్రమాణం) ముద్ర ఉన్న ప్లైవుడ్డే కొనండి. ఆ రకం జిగురుకు 72 గంటలు మరిగే నీళ్ళలో పరీక్ష ఉంటుంది. షాపులో "ఇది కూడా వాటర్‌ప్రూఫే సార్" అంటారు. ముద్ర చూపించమనండి. ఈ పాఠంలో మిగతాదంతా పలకల పడవలకే.

పలక మీద పలక ఎక్కించి రాగి మేకులతో బిగించిన పడవ ఎవరికైనా ఉంటే, ఆ సందుల్లో దూది అసలు పెట్టకండి. అంతే.

ఇక మూడో ఫొటో. కందుకూరు నుంచి. దీని గురించి రాస్తుంటేనే నాకు బీపీ పెరుగుతోంది. పడవ దింపాడు, పది నిమిషాల్లో మడమల దాకా నీళ్ళు వచ్చాయి, టెన్షన్ పడి పైకి లాగాడు, హార్డ్‌వేర్ షాపుకెళ్ళి చేత్తో పిసికే ఎపాక్సీ ముద్దలు పన్నెండు కొన్నాడు, సందులన్నీ మెత్తేశాడు. దాని మీద సిలికాన్. "ఇప్పుడు చుక్క రావడం లేదు" అని గర్వంగా రాశాడు.

నాయనా, మొదటిరోజు చెక్క పడవ కారాలి. మన ఊళ్ళలో రోహిణి కార్తెకు రోళ్ళే పగులుతాయంటారు, నెలంతా ఎండలో పడి ఉన్న పలకలు సందు ఇవ్వవా? నీళ్ళలో దింపిన పడవ దాహంతో ఉంటుంది. తాగనివ్వాలి. ఎడ్లబండ్లు ఉన్న కాలంలో ఎండకు చక్రం వదులైతే రైతు ఏం చేసేవాడు? బండి తీసుకెళ్ళి చెరువులో నిలిపేవాడు. తెల్లారేసరికి కొయ్య ఉబ్బి ఇనుప కమ్మి బిగుసుకునేది. కమ్మికీ కొయ్యకీ మధ్య సిమెంటు పూసిన రైతును నేను చూడలేదు. ఇంట్లో తలుపు చూడండి, వానాకాలంలో బిగుసుకుపోతుంది, ఎండాకాలంలో దానంతటదే వదులవుతుంది. వానాకాలంలో బిగుసుకుందని చిత్రిక పట్టి అంచు గీసేస్తే ఎండాకాలంలో సందులోంచి బల్లి దూరుతుంది. ఇదీ అదే కథ, తిరగేసి.

ఎండిన పలకల మధ్య గట్టి ముద్ద పెడితే ఏమవుతుందో నిదానంగా చెబుతాను. పలక ఉబ్బుతుంది. దూది అయితే నలిగి చోటిస్తుంది, మెత్తటి లప్పం బయటికి పొంగుతుంది. ఎపాక్సీ రాయి, నలగదు. పలక తన బలంతో తన అంచునే దానికేసి నలగ్గొట్టుకుంటుంది. నలిగిన కొయ్య మళ్ళీ లేవదు. మళ్ళీ ఎండలు వచ్చేసరికి పలక ఎండి కుంచించుకుంటే పాత సందు కంటే పెద్ద సందు కనపడుతుంది. అప్పుడు మీరు ఇంకా ఎక్కువ ముద్ద పెడతారు. మూడేళ్ళకు పలక అంచులు పీచుపీచు అవుతాయి, వాటిలో ఇక దూది నిలవదు, పలక మార్చాలి. 14 అడుగుల టేకు పలక ధర కనుక్కుని రండి, తరవాత మాట్లాడదాం.

సందులు వదిలేసి పడవ మొత్తానికి పైన ఫైబర్ పూత వేయిస్తే? అది ఇంకా ఘోరం. ఆ ఘోరం నేనే చేశాను కాబట్టి ఖాయంగా చెప్పగలను. నా మొదటి పడవ, టేకు పలకలు, నల్లతుమ్మ పక్కటెముకలు. పూత వేసినతను ఇరవై ఏళ్ళు చూసుకోనక్కర్లేదన్నాడు. రెండేళ్ళు బ్రహ్మాండంగా ఉంది. మా నెల్లూరు వానలు తెలుసుగా, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వాన నీరు లోపలి నుంచి కొయ్యలోకి దిగింది, బయట ప్లాస్టిక్ చొక్కా ఉంది, ఆరే దారి లేదు. కొయ్యను కుళ్ళబెట్టే బూజుకు కావాల్సింది ఈ మంచి నీటి తడీ, కాస్త గాలీ. ఉప్పు నీళ్ళలో అది అంత హాయిగా పెరగదు. మూడో ఏడు లోపల పుట్టగొడుగుల వాసన వస్తుంటే స్క్రూడ్రైవరుతో పొడిచాను, పిడి దాకా దిగింది. బయటికి మాత్రం నిగనిగలాడుతోంది.

కందుకూరు తమ్ముడూ, ఆ ముద్దలు ఇప్పుడే గీకెయ్యి. పలక అంచు తెగకుండా, ఉలితో కాదు, విరిగిన హాక్సా బ్లేడు వంచి కొక్కెంలా చేసి లాగు. రెండు ఆదివారాలు పడుతుంది. పడనీ.

సరే, పద్ధతి. దింపడానికి రెండు రోజుల ముందు పడవ లోపల గోనె సంచులు పరిచి పొద్దునా సాయంత్రం తడపండి. మా ఇంట్లో బియ్యం గోతాలన్నీ దీనికే పోయాయి, మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. ఒడ్డు మీద ఉన్న పడవలో నేరుగా నీళ్ళు నింపకండి. నాలుగు వందల లీటర్లు పోసినా నాలుగు వందల కిలోలు. నీళ్ళలో అయితే బయటి నీరు ఎదురు తోస్తుంది, ఒడ్డు మీద తోసేది ఎవరు? ఆ బరువంతా పలకలను బయటికి నెడుతుంది.

తరవాత మోకాలి లోతు ఉన్న చోట, కింద బురదో ఇసకో తప్ప రాయి లేని చోట దింపండి. నేను ముత్తుకూరు వైపు ఉప్పుటేట్లో, పోటు నీళ్ళు తగ్గే వేళ చూసి దింపుతాను. మునిగినా కూర్చుంటుంది గానీ కొట్టుకుపోదు. నాలుగు తాళ్ళు కట్టండి. లోపల తెడ్డు, చుక్కాని, బల్లలు ఏవీ ఉంచకండి. తెరచాప స్తంభం నిలబెట్టి ఉంటే దాన్ని పట్టి ఉంచే తీగలు వదులు చెయ్యండి, అన్ని వైపులా ఉబ్బుతున్న పడవను పైనుంచి కూడా బిగించడం దేనికి?

చెరువు దగ్గరుంటే మంచి నీళ్ళలోనూ నానబెట్టవచ్చు, తరవాత లోపల తుడిచి గాలి ఆడనివ్వాలి. ఉప్పుటేట్లో అయితే వారం దాటనివ్వకండి, అడుగున రంగు లేని పడవైతే మరీను. కొయ్యను తొలిచే ఓడపురుగు పేరుకే పురుగు, జాతికి ఆల్చిప్పకు చుట్టం. అది దూరిన కన్నం పైకి గుండుసూది తలంత కూడా కనపడదు, లోపల మాత్రం చిటికెన వేలు పట్టేంత సొరంగం.

నా అడ్డదారి ఒకటి చెబుతాను, పడవల పెద్ద మేస్త్రీలు నవ్వినా సరే. నీళ్ళు మరీ ఎక్కువగా వస్తుంటే, రంపపు పొట్టు ఒక డబ్బాలో పోసి, డబ్బాను గడకు కట్టి, పడవ అడుగుకు తీసుకెళ్ళి తిరగెయ్యండి. పొట్టు పైకి తేలుతూ, లోపలికి లాగే నీటితోపాటు సందుల్లోకి వెళ్ళి పట్టుకుంటుంది. పలక ఉబ్బేదాకా కాపు కాస్తుంది, ఉబ్బాక మెత్తగా నలుగుతుంది. ఎపాక్సీకి లేని మర్యాద పొట్టుకుంది. టేకు పొట్టు కంటే మెత్తటి కలప పొట్టు నాకు ఇష్టం.

లప్పం సుద్దపొడి, అవిసె నూనెతోనే కలపండి. ఎంత నూనె అని అడగకండి, చపాతీ పిండి కలిపిన చేతికి తెలుస్తుంది. సందు అంచు కంటే ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) లోపలికే ఆపండి. అంచు దాకా నింపితే ఉబ్బాక బయటికి వాతల్లా పొంగుతుంది.

అభ్యాసం. తేలిగ్గా ఉండదు. పడవ దింపిన క్షణం నుంచి 48 గంటలు, ప్రతి రెండు గంటలకు, రాత్రి కూడా, నీళ్ళు పూర్తిగా తోడి ఎన్ని బకెట్లు వచ్చాయో రాయండి. ఒకటే బకెట్ వాడండి. ఇద్దరు వంతులేసుకోండి, ఒక్కరే ఉప్పుటేటి ఒడ్డున రాత్రి ఉండకండి. నా పడవకు పోయిన ఏడు మొదటి రెండు గంటల్లో 31 బకెట్లు, పన్నెండో గంటకు 12, మర్నాటికి 5, చివరికి ఒకటిన్నర. మీ అంకెలు వేరుగా ఉంటాయి, ఫరవాలేదు. మెట్లు దిగినట్టు తగ్గుతున్నాయా లేదా అన్నదే చూడాలి.

రెండో రోజు సాయంత్రానికి కూడా తగ్గకపోతే అది సందు కాదు. లోపల పొడిగా తుడిచి సుద్దపొడి చల్లండి, నీరు వచ్చే చోట గీత పడుతుంది. ముందు వెన్నుకొయ్యకు (పడవ అడుగున పొడవునా ఉండే దూలానికి) ఆనుకున్న మొదటి పలక చూడండి, తరవాత సెంటర్‌బోర్డు (పడవ పక్కకు జారకుండా అడుగు నుంచి నీళ్ళలోకి దించే పలక) పెట్టె మూలలు, చివరికి వెనక పలక అంచులు. ఆ గీతకు ఫొటో తీసి, పక్కన స్కేలు పెట్టి, బకెట్ల పట్టికతో కలిపి పంపండి. పట్టిక లేకుండా ఉత్త ఫొటో పంపిన వాళ్ళకు ఈసారి జవాబు రాయను. ఒంగోలు తమ్ముడు మాత్రం ఊడిన మేకులు తీసిపెట్టి, పలక పూర్తిగా ఆరేదాకా దాన్ని వెనక్కి కొట్టకుండా ఆగాలి.

చాప 8వ పాఠంలో.