సంకల్పంలో ఖాళీలు: గోదావరి జిల్లాల వాళ్లు పూరించుకునే పద్ధతి

పురోహితుడు ‘కరిష్యే’ అనగానే చేతిలో అక్షతలు నీళ్లతో పళ్లెంలోకి వదిలేస్తాం. అంతకుముందు ఆయన గుక్క తిప్పుకోకుండా చదివిందంతా ఏదో మంత్రమని చాలామంది అనుకుంటారు. నిజానికి అది చిరునామా. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఎందుకోసం, ఏం చేయబోతున్నారో దేవుడి ముందు వరుసగా చెప్పుకోవడమే సంకల్పం. చివరి ‘కరిష్యే’కి ‘చేస్తాను’ అని అర్థం. అదీ తన కోసం చేసుకునేవాడి మాట. వేరొకరి తరఫున చేసేవాడు ‘కరిష్యామి’ అంటాడు. సంస్కృత వ్యాకరణంలో ఆత్మనేపదం, పరస్మైపదం అనే తేడా ఇదే.

ఇందులో ముప్పాతిక భాగం ఎప్పటికీ మారదు. మారేవి ఏడెనిమిది మాటలే. వాటిని సరిగ్గా పూరించుకోవడం వస్తే నిత్యపూజకి పుస్తకం చూసుకోనక్కర్లేదు.

ముందు చేతికింద ఉండాల్సినవి: పంచపాత్రలో నీళ్లు, ఉద్ధరిణి, నీళ్లు వదలడానికి అరివేణం లేదా ఏదైనా పళ్లెం, అక్షతలు. అక్షతం అంటే విరగనిది. కాబట్టి నూకలు ఏరేసిన పచ్చిబియ్యం గుప్పెడు, చిటికెడు పసుపు, నాలుగు చుక్కల నెయ్యి చాలు. ఉప్పుడు బియ్యం పనికిరాదు. నెయ్యి బదులు నీళ్లతో కలిపి డబ్బాలో మూతపెడితే మన గాలిలో ఉన్న చెమ్మకి నాలుగు రోజుల్లో బూజు పడుతుంది. నీళ్లతో కలిపితే ఆ పూటకి సరిపడా మాత్రమే కలుపుకోండి.

ఆచమనానికి అరచేతిలో మినపగింజ మునిగేంత నీళ్లు తీసుకోవాలి, అంతకు మించి వద్దు. కేశవాయ, నారాయణాయ, మాధవాయ అంటూ మూడుసార్లు చప్పుడు కాకుండా తాగి, నాలుగోది గోవిందాయ నమః అని చేతిమీద పోసుకుని వదిలేయాలి. ప్రాణాయామం అయ్యాక ఎడమ అరచేతిని కుడి తొడ మీద వెల్లకిలా పెట్టి, అక్షతలు ఉంచి, కుడిచేత్తో మూసి సంకల్పం మొదలుపెట్టాలి.

మొదట వచ్చేది ‘మమోపాత్త సమస్త దురితక్షయద్వారా’. దీన్ని ‘మమో, పాత్త’ అని విరగ్గొట్టేవాళ్లే ఎక్కువ. అది మమ + ఉపాత్త: నేను మూటగట్టుకున్న దురితాలన్నీ పోయి, తద్వారా పరమేశ్వరుడు సంతోషించాలని. అర్థం తెలిస్తే నాలుక దానంతటదే సరైన చోట ఆగుతుంది.

తర్వాత కాలం. ‘ఆద్యబ్రహ్మణః ద్వితీయపరార్ధే’ అంటే బ్రహ్మ నూరేళ్లలో రెండో సగం. ‘శ్వేతవరాహకల్పే’ అంటే ఆయనకు ఇవాళ. ఆ ఒక్క పగలు మన లెక్కలో 432 కోట్ల ఏళ్లు. ‘వైవస్వతమన్వంతరే’ అంటే పద్నాలుగురు మనువుల్లో ఏడోవాడి హయాం. ‘కలియుగే ప్రథమపాదే’ దగ్గర చాలామందికి అనుమానం వస్తుంది, ఇంకా మొదటి పాదమేనా అని. కలియుగం 4,32,000 ఏళ్లు, అందులో పాదం 1,08,000. క్రీ.పూ. 3102లో మొదలైన లెక్కన గడిచింది 5,100 పైచిలుకే. ఆ మాట మార్చాలంటే ఇంకో లక్ష ఏళ్ల పైమాటే, నిశ్చింతగా కంఠతా పట్టేయండి.

ఇక చోటు. ‘జంబూద్వీపే, భరతవర్షే, భరతఖండే, మేరోః దక్షిణదిగ్భాగే, శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే’ వరకు మన రెండు గట్లకీ ఒకటే పాఠం. శ్రీశైలం నుంచి చూస్తే మన డెల్టా తూర్పుగా, కాస్త ఉత్తరంగా ఉంటుంది కాబట్టి ఈశాన్యం అంటున్నాం. ఆ తర్వాతి ఖాళీ దగ్గరే మన ప్రాంతంలో తేడాలొస్తాయి. అక్కడ మీ ఊరికి రెండు పక్కలా ఉన్న నదుల పేర్లు రావాలి. కొవ్వూరు, పాలకొల్లు, నరసాపురం, భీమవరం గోదావరికి కుడిగట్టున ఉన్నాయి. దక్షిణాన కృష్ణ, ఉత్తరాన గోదావరి. వాళ్లకి ‘కృష్ణాగోదావర్యోః మధ్యదేశే’. రాజమండ్రి, ద్రాక్షారామం, కోటిపల్లి, కాకినాడ ఎడమగట్టు. వాళ్లు ‘గంగాగోదావర్యోః మధ్యదేశే’ అనాలి. బజార్లో దొరికే పూజాపుస్తకాల్లో ఈ రెండింటిలో ఏదో ఒకటే అచ్చయి ఉంటుంది. కొవ్వూరు నుంచి వంతెన దాటి రాజమండ్రిలో కాపురం పెట్టినవాళ్లు పాత పుస్తకమే చూసి చదివేస్తుంటారు. ఆ ఒక్క మాట మార్చుకోవాలి.

మరి కోనసీమ? ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలిపోతుంది. అమలాపురం, రాజోలు ఆ రెంటి నడుమ లంకలో ఉన్నాయి. ఏ గట్టుదనాలి? ఇంటి పురోహితుడు తరతరాలుగా చెప్పిస్తున్న పాఠం ఉంటే దాన్నే ఉంచుకోండి. లేదంటే ‘గౌతమీవసిష్ఠయోః మధ్యదేశే’ అనవచ్చు. వ్యాకరణానికీ సరిపోతుంది, పటానికీ సరిపోతుంది. మా మట్టుకు కోనసీమలో ఇదే అందమైన మాట.

చోటుకి చివరన ఇల్లు. సొంతిల్లయితే ‘స్వగృహే’, అద్దెదయితే ‘వసతిగృహే’. ‘శోభనగృహే’ అంటే రెంటికీ చెల్లుతుంది. రేవులో స్నానం చేసి అక్కడే చెబుతుంటే ఇంటి మాట ఎత్తకుండా ‘గౌతమీతీరే’ అనో ‘వసిష్ఠాతీరే’ అనో అంటే సరి. అమెరికాలో ఉన్న కొడుకు ఫోన్లో చూస్తూ అక్కడ పూజ చేసుకుంటుంటే శ్రీశైలాన్ని తేకండి. కూర్చున్నవాడి చోటే చెప్పాలి. అక్కడి పురోహితులు చాలామంది ‘క్రౌంచద్వీపే’ అని మొదలుపెడతారు. తిథి కూడా అక్కడి గడియారం ప్రకారం చూసుకోవాలి.

తేదీ భాగానికి గోడకున్న క్యాలెండరు చాలు. సంవత్సరం పేరు ఉగాదికి మారుతుంది: 2026 ఉగాది నుంచి పరాభవ, 2027 ఉగాది నుంచి ప్లవంగ. ఋతువుకి చైత్రం నుంచి రెండేసి నెలలు లెక్కపెట్టుకుంటే వసంత, గ్రీష్మ, వర్ష, శరత్, హేమంత, శిశిరాలు వరుసగా వస్తాయి. అయనం మాత్రం మాసాన్ని బట్టి రాదు, సూర్యుణ్ణి బట్టి వస్తుంది. సంక్రాంతి నుంచి ఉత్తరాయణం, జూలై మధ్య నుంచి దక్షిణాయనం. అంటే తరచు మాసం మధ్యలోనే మారుతుంది, అందుకే అక్కడ జనం పొరబడతారు. అధికమాసం వస్తే ఆ మాట కలపాలి. 2026లో జ్యేష్ఠం అలాంటిదే, ‘అధిక జ్యేష్ఠమాసే’, అది దాటాక ‘నిజ జ్యేష్ఠమాసే’.

తిథి అర్ధరాత్రికి మారదు, సూర్యోదయానికీ మారదు. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దూరం 12 డిగ్రీలు పెరిగినప్పుడల్లా మారుతుంది. అందుకే ఒక్కో తిథి సుమారు 19 నుంచి 26 గంటల దాకా ఉంటుంది. క్యాలెండరులో ‘చవితి ఉ. 9.40 వరకు’ అని ఉంటే పది గంటల పూజకి ‘పంచమ్యాం’ అనాలి. ఇది నిత్యపూజ సంగతి. వ్రతం ఏ రోజు చేయాలన్నదానికి వేరే నియమాలున్నాయి, వినాయక చవితికి మధ్యాహ్నం వేళ చవితి ఉండాలి. రెండు పంచాంగాల్లో తిథి సమయాలు తేడాగా కనిపిస్తే కంగారు పడొద్దు, గణిత పద్ధతులు వేరు. ఏడాది పొడుగునా ఒకదాన్నే అనుసరించండి.

వారాల పేర్లు: భాను, ఇందు, భౌమ, సౌమ్య, గురు, భృగు, స్థిర. సోమవారం నాడు ‘సౌమ్యవాసరే’ అనడం అందరూ చేసే తప్పు. సౌమ్యుడంటే సోముడి కొడుకు బుధుడు, అది బుధవారం. సోమవారానికి ‘ఇందువాసరే’. వారం పంచాంగం లెక్కన సూర్యోదయంతో మొదలవుతుంది. కార్తీక సోమవారం తెల్లవారుజామున నాలుగింటికి రేవులో దిగితే ఖచ్చితమైన లెక్కలో అది ఇంకా భానువారమే. అయినా వచ్చే పగటిని ఉద్దేశించి ఇందువాసరే అని చెప్పించేవాళ్లున్నారు, దాంతో పేచీ పెట్టుకోనక్కర్లేదు.

అన్నీ కలిపి ఒకటి చూద్దాం. 2026 నవంబరు 24, మంగళవారం, కార్తీక పౌర్ణమి. పాలకొల్లులో సాయంత్రం ఆరింటికి దీపాలు పెట్టేవాళ్లు ఇలా అంటారు: ‘...శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే, కృష్ణాగోదావర్యోః మధ్యదేశే, స్వగృహే, అస్మిన్ వర్తమాన వ్యావహారిక చాంద్రమానేన శ్రీ పరాభవనామ సంవత్సరే, దక్షిణాయనే, శరదృతౌ, కార్తీకమాసే, శుక్లపక్షే, పౌర్ణమాస్యాం, భౌమవాసరే, శుభనక్షత్రే, శుభయోగే, శుభకరణే, ఏవంగుణ విశేషణ విశిష్టాయాం శుభతిథౌ...’ నక్షత్రం పేరు తెలియకపోతే ‘శుభనక్షత్రే’ చాలు, ఆ వెసులుబాటు పాఠంలోనే ఉంది. రాత్రి ఎనిమిదిన్నర దాటాక అయితే పూర్ణిమ వెళ్లిపోయి బహుళ పాడ్యమి వస్తుంది.

తర్వాత పేరు. ‘కౌండిన్యస, గోత్రః’ అని ఆపేస్తుంటారు. అది కౌండిన్య, సగోత్రః. ఆ గోత్రానికి చెందినవాణ్ణి అని. పెళ్లయిన ఆడవాళ్లు భర్త గోత్రంతో ‘గోత్రవతీ, నామధేయవతీ’ అంటారు. గోత్రం తెలియనివాళ్లు కాశ్యప గోత్రం చెప్పుకోవడం వాడుక.

చివరిది పని. ఇక్కడ గొప్పలకు పోకూడదు. దీపం పెట్టి పంచోపచారాలతో సరిపెట్టేవాళ్లు ‘షోడశోపచార పూజాం కరిష్యే’ అంటే పదహారూ చేస్తానని మాటిచ్చినట్టే. ‘యావచ్ఛక్తి’ అనే మాట, అంటే నా శక్తి మేరకు, తప్పకుండా కలపండి. చేసేది దీపారాధనే అయితే ‘దీపారాధనం కరిష్యే’ అనండి.

ఆ మాటతో అక్షతలు కుడి అరచేతిలోకి తీసుకుని, ఉద్ధరిణెడు నీళ్లు పోసుకుని వేళ్ల కొసల మీదుగా వదలాలి. అది దేవతీర్థం. బొటనవేలికీ చూపుడువేలికీ సందులోంచి జారనివ్వకండి, అది పితృతీర్థం, తర్పణాల దారి. పళ్లెంలో పడిన నీళ్లు తీర్థంగా పుచ్చుకునేవి కావు. పూజయ్యాక తులసికోటలోకి కూడా వద్దు, ఎవరూ తొక్కని చోట మొక్క మొదట్లో పోసేయండి.