ఫ్యాక్స్ ఉంచాలా, తీసేయాలా: చిన్న ఆఫీసు తేల్చుకునే తీరు

ఫ్యాక్స్ ఉండాలా వద్దా అన్నది అవతల కాగితం అందుకునేవాళ్లను బట్టి తేలుతుంది. మెషీన్ పక్కన ఒక నోటుపుస్తకం పెట్టి నెల రోజులు రాయండి: ఎవరికి వెళ్లింది, ఎవరి నుంచి వచ్చింది, ఎన్ని పేజీలు, "మెయిల్ చేస్తే సరిపోతుందా?" అని అడిగితే ఏమన్నారు. ఒక్కరు కూడా ఫ్యాక్సే కావాలని పట్టుబట్టకపోతే తీసేయండి. అమెరికా క్లినిక్‌లకు మెడికల్ బిల్లింగ్ చేసే హైదరాబాద్ ఆఫీసుల సంగతి వేరు. అక్కడి ఆస్పత్రులు, బీమా కంపెనీలు ఇప్పటికీ ఫ్యాక్స్ వాడుతున్నాయి. అయినా మెషీన్ అక్కర్లేదు. ఇంటర్నెట్ ఫ్యాక్స్ నంబరు తీసుకుంటే వచ్చినవి పీడీఎఫ్‌గా మెయిల్లో పడతాయి. రోగుల వివరాలుంటాయి కాబట్టి హిపా (రోగుల వివరాల గోప్యతకు సంబంధించిన అమెరికా చట్టం) ప్రకారం ఒప్పందం రాసిచ్చే సర్వీసునే ఎంచుకోవాలి.

మెషీన్ ఉంచుకున్నవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది: పాత రాగి లైన్ పోయి ఫైబర్ వచ్చాక రెండో పేజీ మధ్యలో కాల్ తెగిపోవడం. ఫైబర్ మోడెమ్ ఫోన్ పోర్టులో శబ్దం చిన్నచిన్న ప్యాకెట్లుగా వెళ్తుంది. ఒకటి ఆలస్యమైతే మాటల్లో మనకు తెలియదు గానీ, ఫ్యాక్స్ గాడి తప్పుతుంది. సెట్టింగ్స్‌లో వేగాన్ని (సెకనుకు ఎన్ని బిట్లు అన్నది) 33,600 లేదా 14,400 నుంచి 9,600కి దించండి. అప్పటికీ తెగితే ఈసీఎం (తప్పుగా అందిన భాగాన్ని మళ్లీ పంపించే సదుపాయం) ఆపి చూడండి. కాల్ నిలుస్తుంది, కానీ పేజీలో గీతలు పడొచ్చు, వరుసలు పోవచ్చు. అంకెలున్న కాగితమైతే ఫోన్‌లో చదివించుకుని సరిచూసుకోండి. చిన్న అక్షరాలుంటే స్పష్టత సెట్టింగ్‌ను 'ఫైన్'లో పెట్టండి. థర్మల్ కాగితం మీద వచ్చినవి వెలిసిపోతాయి, అదే రోజు జిరాక్స్ తీసి ఫైల్లో పెట్టండి.

డిజిటల్‌కు మారితే ఫీడర్ (కాగితాలను ఒక్కొక్కటిగా లోపలికి లాక్కునేది) ఉన్న స్కానర్ కొనండి. 300 డీపీఐ, ఏ4 చాలు. సంతకం, సీలు ఉన్న పేజీని బ్లాక్ అండ్ వైట్‌లో తీయకండి: సీలు మీద పడిన నీలి సంతకం ఒకే నల్లటి మరకగా వస్తుంది. కలర్ పెట్టండి. ఫైలు పేరులో తేదీ ముందుండాలి, 2025-06-14 అన్నట్టు. అప్పుడు వరుస దానంతటదే కుదురుతుంది. వాట్సాప్‌లో పంపితే ఫొటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే అక్షరాలు మసకబారతాయి.

ఫ్యాక్స్ ఇచ్చే 'ఓకే' రిపోర్టు లాంటి రుజువు మెయిల్‌కూ కావాలి. "6 పేజీలు అందాయి" అని జవాబు రాయించుకోండి. అసలు మెయిల్, అసలు ఫైలు చెరపకండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ కింద, ఇలాంటి ఫైలును సాక్ష్యంగా చూపేటప్పుడు కోర్టులో ఇచ్చే సర్టిఫికెట్‌లో ఫైలు హ్యాష్ విలువ (ఫైలులోని సమాచారం నుంచి లెక్కగట్టే, దాని వేలిముద్ర లాంటి కోడ్) రాయాలి. ఫైలును మార్చి సేవ్ చేస్తే ఆ విలువ మారిపోతుంది.

పీడీఎఫ్ మీద సంతకం బొమ్మ అతికిస్తే అది డిజిటల్ సంతకం కాదు. డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ టోకెన్‌తోనో, ఆధార్ ఓటీపీతో ఆన్‌లైన్‌లో చేసే ఈసైన్‌తోనో చేయాలి. అలా చేసిన ఫైలును ప్రింట్ తీసి మళ్లీ స్కాన్ చేస్తే సంతకం పోయినట్టే. వీలునామాకు మాత్రం ఇవేవీ చెల్లవు, కాగితం మీద కలంతోనే చేయాలి.

పాత మెషీన్ పాత సామాన్లవాళ్లకు వేసే ముందు మెమరీ, ఫోన్‌బుక్ చెరపండి. ఇంకు ఫిల్మ్ వాడే రకమైతే లోపలి చుట్ట విప్పి వెలుతురుకు ఎత్తి చూడండి: మీకు వచ్చిన ప్రతి పేజీ అందులో చదవడానికి వీలుగా కనిపిస్తుంది. దాన్ని ముక్కలుగా కత్తిరించాకే బయటికి పంపండి.