ప్రపంచ దేశాల వాతావరణ హామీల లెక్క తేల్చడం ఎలా?

పారిస్ ఒప్పందం 14వ అధికరణం ప్రకారం దేశాలన్నీ కలిసి ఎంత సాధించాయో అయిదేళ్లకోసారి లెక్క చూసుకోవాలి. దీన్ని గ్లోబల్ స్టాక్‌టేక్ అంటారు. మొదటిది 2023 డిసెంబరులో దుబాయ్‌లో ముగిసింది. రెండోదానికి సమాచార సేకరణ 2026 నవంబరులో మొదలై, 2028లో లెక్క తేలాలి. ఇందులో ఏ దేశం వెనకబడిందో పేరు పెట్టి చెప్పరు, మొత్తమే చెబుతారు. ఎవరి వాటా ఎంతో తెలియాలంటే పత్రాలు మనమే విప్పి చూడాలి.

ముందు ఆ పత్రాలు దగ్గర పెట్టుకోండి. ఐక్యరాజ్యసమితి వాతావరణ సంస్థ యూఎన్‌ఎఫ్‌సీసీసీ వెబ్‌సైట్‌లో దేశాలవారీగా దొరుకుతాయి. ఎన్‌డీసీ అంటే ప్రతి దేశం తనకు తాను పెట్టుకున్న వాతావరణ లక్ష్యాల పత్రం; అందులో ఉండేది ఇచ్చిన మాట. రెండేళ్లకోసారి ఇచ్చే పారదర్శకత నివేదికలో ఉండేది జరిగిన పని. ఈ నివేదికల మొదటి విడతకు గడువు 2024 డిసెంబరు 31. ఎన్‌డీసీ ఒక్కటే చదివి ‘సాధించారు’ అని రాయకండి.

తర్వాత శాతాలను టన్నుల్లోకి మార్చండి. ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ‘2030కి ప్రపంచ ఉద్గారాలు 43% తగ్గాలి’ అన్నది 2019తో పోల్చి, అన్ని గ్రీన్‌హౌస్ వాయువులకూ కలిపి చెప్పింది. ‘2030కి 45%’ అన్నది 2010తో పోల్చి, ఒక్క కార్బన్ డయాక్సైడ్‌కే చెప్పింది. రెండూ ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ లెక్కలే, రెండూ భూమి వేడెక్కడాన్ని 1.5 డిగ్రీల దగ్గర ఆపాలన్న లక్ష్యం కోసమే. ఒకదాని పక్కన ఒకటి పెట్టి పోలిస్తే మాత్రం అంతా తప్పుతుంది.

భారత్ 2022లో చెప్పిన 45% మళ్లీ వేరు. అది ఉద్గార తీవ్రత: జీడీపీలో ఒక్కో రూపాయికి ఎంత ఉద్గారం అన్న లెక్క, 2005తో పోల్చి. ఉదాహరణకు ఆర్థిక వ్యవస్థ నాలుగింతలైతే, తీవ్రత 45% తగ్గినా మొత్తం ఉద్గారాలు 4 × 0.55, అంటే 2.2 రెట్లవుతాయి. పేదరికంలోంచి బయటపడుతున్న దేశం ఆ వెసులుబాటు కోరడం న్యాయమే. కానీ ప్రపంచ మొత్తంలో కూడేటప్పుడు వేసుకోవాల్సింది ఆ 2.2 రెట్లే.

అడవులు పీల్చుకునే కార్బన్‌ను లెక్కలో కలిపారా లేదా చూడండి. 2020లో భారత్ ఉద్గారాలు అడవులు, భూవినియోగం కలపకపోతే 295.9 కోట్ల టన్నులు, కలిపితే 243.7 కోట్లు. రెండు దేశాలను పోల్చేటప్పుడు ఒకదానికి మొదటి రకం, ఇంకోదానికి రెండో రకం తీసుకుంటే ఫలితం పనికిరాదు. మీథేన్ సంగతీ అంతే. పాత నివేదికల్లో టన్ను మీథేన్‌ను 21 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌గా లెక్కించేవారు, ఇప్పుడు 28.

విద్యుత్తు లక్ష్యాల్లో ‘స్థాపిత సామర్థ్యం’ (కేంద్రాలు పూర్తిస్థాయిలో నడిస్తే ఇవ్వగలిగినంత) అన్న మాట దగ్గర ఆగండి. సామర్థ్యంలో సగం శిలాజేతర వనరులదే కావాలన్న లక్ష్యాన్ని భారత్ 2025లోనే, అయిదేళ్లు ముందుగా అందుకుంది. నిజంగా మెచ్చుకోదగ్గ పని. అయినా ఉత్పత్తయ్యే కరెంటులో పెద్ద వాటా ఇంకా బొగ్గుదే. కర్నూలు సోలార్ పార్కు సామర్థ్యం 1,000 మెగావాట్లు. సామర్థ్య వినియోగం 20% అనుకుంటే ఏడాదికి 1000 × 0.20 × 8760 లెక్కన సుమారు 175 కోట్ల యూనిట్లు వస్తాయి. అంతే సామర్థ్యమున్న బొగ్గు కేంద్రం 65% మీద నడిస్తే 570 కోట్లు. కాబట్టి మెగావాట్లతో పాటు యూనిట్లూ అడగండి.

ఇక కూడిక. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ యూఎన్‌ఈపీ ఏటా ఇచ్చే ఎమిషన్స్ గ్యాప్ రిపోర్టు తీసుకోండి. 2024లో ప్రపంచ ఉద్గారాలు 57.7 గిగాటన్నులు, గిగాటన్నంటే వంద కోట్ల టన్నులు. హామీలన్నీ నెరవేరినా 1.5 డిగ్రీల దారికి 2030లో 20.3 నుంచి 23.9 గిగాటన్నులు ఎక్కువే ఉంటాయని తొలి స్టాక్‌టేక్ తేల్చింది. షరతుల్లేని హామీలను, విదేశీ సాయం అందితేనే అన్న హామీలను విడివిడిగా కూడండి. ఎన్ని దేశాలను కూడారో కూడా రాసుకోండి. 2025 అక్టోబరులో వచ్చిన ‘2035కి 17% తగ్గుదల’ అన్న అంకె 64 దేశాలదే. 2019 ప్రపంచ ఉద్గారాల్లో వాటి వాటా సుమారు 30%. దాన్ని 1.5 డిగ్రీల లక్ష్యానికి 2035కల్లా ప్రపంచమంతా తగ్గించాల్సిన 60% పక్కన నేరుగా పెట్టకూడదు.

డబ్బు హామీలకు ఒక్క ప్రశ్న చాలు: అప్పా, గ్రాంటా? ధనిక దేశాలు వర్ధమాన దేశాలకు వాతావరణ సాయంగా ఏటా 10,000 కోట్ల డాలర్లు ఇస్తామన్న మాటను రెండేళ్లు ఆలస్యంగా 2022లో నిలబెట్టుకున్నాయి. ప్రభుత్వాల నుంచి వచ్చిన సొమ్ములో మూడింట రెండొంతులకు పైగా తిరిగి కట్టాల్సిన అప్పులే.