ఇరుకు షెడ్డులో రందా మిషన్‌కి చక్రాలు

మా వడ్రంగి షెడ్డు చిన్నది. రందా మిషన్ (కర్రను చదును చేసేది), బ్యాండ్ సా (పట్టీ రంపం మిషన్), కటింగ్ టేబుల్ పెట్టాక తలుపు చెక్క తిప్పడానికి కూడా జాగా ఉండేది కాదు. అన్నిటికన్నా టెన్షన్ రందా మిషన్‌తోనే. పోత ఇనుము, దాదాపు 300 కిలోలు. జరపాలంటే గడ్డపారతో ఒక పక్క లేపి, కింద పైపులు దూర్చి, నలుగురం తోసేవాళ్లం.

వెల్డింగ్ షాపులో యాంగిల్ ఫ్రేము చేయించి నాలుగు చక్రాలు పెట్టించాను. రెండు తిరిగేవి, రెండు తిన్నగా పోయేవి. బరువును నాలుగుతో కాదు, మూడుతో భాగించి చక్రాలు కొనాలి. గచ్చు ఎగుడుదిగుడుగా ఉంటే ఒక చక్రం గాల్లోనే ఉంటుంది మరి. అందుకే ఒక్కోటి 150 కిలోలు మోసేవి తీసుకున్నా. మెత్తటి రబ్బరువి వద్దు, ఒకేచోట నిలబడితే అణిగిపోతాయి.

చక్రాల బ్రేకులు చాలవు. కర్ర తోస్తుంటే మిషన్ వణుకుతుంది. ఫ్రేము నాలుగు మూలలా నట్లు వెల్డ్ చేయించి పొడుగు బోల్టులు దించాను. స్పానర్‌తో బిగిస్తే చక్రాలు నేల వదిలేసి, బరువంతా బోల్టుల మీదికి వస్తుంది.

త్రీఫేజ్ మిషన్‌ని వేరే సాకెట్‌కి మారిస్తే మోటారు ఉల్టా తిరగొచ్చు. కర్ర పెట్టకముందే ఒకసారి ఆన్ చేసి చూడాలి. ఉల్టా అయితే ఎలక్ట్రీషియన్‌తో ఏవైనా రెండు ఫేజు వైర్లు అటూ ఇటూ మార్పిస్తే సరి.

బ్యాండ్ సాకి మాత్రం చక్రాలు వేయలేదు. పైబరువు ఎక్కువ కాబట్టి తోసేటప్పుడు ఒరిగిపోతుంది. గోడవారగా గచ్చుకే బిగించేశాను.