ఒడిశా సరిహద్దు జిల్లాల్లో పాత సమాధుల తోటల్లో మీ పూర్వీకుల ఆచూకీ తీయడం ఎలా?

గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లోని తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో చాలామందికి ముత్తాత పేరు తెలుసు, ఆయన తండ్రి పేరు తెలియదు. ఆ పేరు ఏ చర్చి సమాధుల తోటలోనో రాయి మీద ఇంకా ఉండొచ్చు. రాళ్లు అరిగిపోతున్నాయి కాబట్టి ఆలస్యం చేయకండి.

మొదట ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. కుటుంబంలో తొలిసారి బాప్తిస్మం తీసుకున్నదెవరు, ఏ ఊళ్లో, ఏ సంఘంలో అని అడగండి. బాప్తిస్మంతో పేరు మార్చుకున్నవాళ్లు ఎందరో. ఇంట్లో అప్పలస్వామి అని చెప్పుకునే తాత రాయి మీద అబ్రాహాము కావొచ్చు. అందుకే ఇంటిపేరును పట్టుకుని వెతకాలి. ఆడవాళ్లకైతే అత్తవారి ఇంటిపేరు. పాత బైబిల్ ఉంటే ముందు పేజీలు తిప్పి చూడండి, చాలా ఇళ్లల్లో పుట్టుకలు, చావులు అక్కడే రాసుకునేవారు.

ఏ సంఘమో తేలితే సగం పని అయినట్టే. పర్లాకిమిడిలో పనిచేసింది కెనడియన్ బాప్టిస్టులు. కోరాపుట్, జయపురం వైపు 1882లో జర్మనీలోని బ్రెక్లుం నుంచి లూథరన్ మిషనరీలు వచ్చారు. కథోలికులైతే, 1928లో కటక్ మిషన్ వేరుపడేదాకా ఈ ప్రాంతం విశాఖపట్నం మేత్రాసనం (బిషప్ గారి పరిధి) కిందే ఉండేది.

తోటకు వెళ్లేముందు పాస్టర్ గారినో ఫాదర్ గారినో, సంఘ పెద్దలనో కలిసి అనుమతి తీసుకోండి. వానలు తగ్గాక, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్లడం మేలు. పొదల్లో పాములుంటాయి, బూట్లు వేసుకోండి. నవంబరు 2న ఆత్మల పండుగకో, ఈస్టరు తెల్లవారుజామునో వెళ్లగలిగితే ఇంకా మంచిది. సమాధులు శుభ్రం చేసి కొవ్వొత్తులు పెట్టడానికి వచ్చిన పెద్దలు ఏది ఎవరిదో చూపిస్తారు.

రాయి చదవడానికి కాస్త ఓపిక కావాలి. మెత్తటి బ్రష్షు, మంచినీళ్లు చాలు. ఇనుప బ్రష్షు, యాసిడ్, సబ్బు వద్దే వద్దు, వాటితో మిగిలిన అక్షరాలు కూడా పోతాయి. అక్షరాల్లో సుద్ద, పిండి రుద్దడమూ మంచిది కాదు. పొద్దున్నో సాయంత్రమో ఎండ ఏటవాలుగా పడినప్పుడు చూడండి, లేదా ఒక అద్దంతో వెలుతురును పక్కనుంచి రాయి మీదికి మళ్లించండి. మధ్యాహ్నం ఖాళీగా కనిపించిన పలక మీద "ప్రభువునందు నిద్రించిరి" అన్న వరస గాడిగాడిగా తేలుతుంది. సంవత్సరం తెలుగు అంకెల్లో ఉంటే రెండుసార్లు చూడండి. అరిగిన ౧ సున్నాలా కనిపిస్తుంది, ౨, ౩ ఒకదానిలా ఒకటి అనిపిస్తాయి. ఏళ్ల తరబడి వేసిన సున్నం కింద అక్షరాలు పూడిపోయి ఉంటే గీకకండి, వేలితో తడిమి పోల్చుకోండి.

సమాధి మొత్తానికి ఒక ఫోటో, అక్షరాలకు దగ్గరగా ఒకటి, చుట్టుపక్కల సమాధులకు ఒకటి తీయండి. అన్నదమ్ములనూ భార్యాభర్తలనూ పక్కపక్కనే పెట్టడం మామూలే కాబట్టి, పక్క రాయే మీకు మరో తరాన్ని చూపించొచ్చు. అక్షరదోషం ఉన్నా రాయి మీద ఎలా ఉంటే అలాగే రాసుకోండి.

అసలు రాయే లేకపోతే నిరాశపడకండి. పేదవాళ్ల సమాధి మీద కర్ర సిలువే ఉండేది, అది ఎప్పుడో చెదలు తినేసి ఉంటుంది. అలాంటప్పుడు చర్చి రిజిస్టర్లు అడగండి. సమాధి రిజిస్టరు కన్నా పెళ్లి రిజిస్టరే నాకు విలువైనదిగా అనిపిస్తుంది. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం నమూనాలో వధూవరుల వయసు, వృత్తి, ఊరితోపాటు తండ్రుల పేర్లు కూడా రాయాలి. అంటే ఒక్క పేజీతో రెండు కుటుంబాల్లో ఒక్కో తరం వెనక్కి వెళ్లొచ్చు.

రిజిస్టరు ఇక్కడ దొరక్కపోతే సరిహద్దు దాటండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. అందుకే ప్రభుత్వ కాగితాల కోసం చెన్నైలోని తమిళనాడు ఆర్కైవ్స్‌లోనూ చూడాలి. కెనడియన్ బాప్టిస్టు మిషన్ పత్రాలు కెనడాలోని హామిల్టన్‌లో, మెక్‌మాస్టర్ డివినిటీ కాలేజీలోని ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మీ పూర్వీకుడు మిషన్‌లో ఉపదేశిగానో టీచరుగానో పనిచేసి ఉంటే అక్కడికీ ఉత్తరం రాయండి.

మీకు దొరికిన పేర్లు, ఫోటోలు ఒక ఫైలుగా చేసి ఒక కాపీ ఆ చర్చికి ఇవ్వండి.