పాము పెట్టెలో బెడ్డింగ్ తేడాలు: లక్షణం, కారణం, పరిష్కారం

నవంబరు ముసురులో తలుపులు ఉబ్బిపోయే నెల్లూరు ఇంటికీ, మే నెలలో గోడలు సెగలు కక్కే మార్కాపురం ఇంటికీ పాము పెట్టె విషయంలో ఒకే పద్ధతి కుదరదు. అయినా వీడియోలు చూసి రెండుచోట్లా బెడ్డింగ్ (పాము కింద పరిచే పొట్టు, కాగితం) మీద రోజూ నీళ్లు చల్లుతుంటారు. సగం సమస్యలు అక్కడే మొదలు. ముందు ఒక డిజిటల్ తేమ మీటరు కొని, దాని సెన్సరును బెడ్డింగ్‌కి దగ్గరగా పెట్టండి. బాల్ పైథాన్‌కి 55–70 శాతం, కార్న్ స్నేక్‌కి 40–60 శాతం ఉంటే చాలు.

ఇవన్నీ ఆ రెండు విదేశీ రకాల గురించే. జెర్రిపోతయినా సరే, మన దేశపు పాముల్ని పట్టి పెంచడాన్ని 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. బాల్ పైథాన్ ఉంటే కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ వెబ్‌సైట్‌లో నమోదు చేయించాలి.

పొట్ట కింద పొలుసులు ఎర్రబడ్డాయి, నీటి పొక్కులు లేచాయి

ఎరుపు ఎక్కడుందో చూడండి. హీట్ మ్యాట్ (పెట్టె అడుగున పెట్టే కరెంటు వేడి పరుపు) మీద ఆనే చోట మాత్రమే ఉంటే అది కాలిన గాయం కావచ్చు. పాము బెడ్డింగ్ తవ్వుకుని వేడి గాజుకు పొట్ట ఆనిస్తుంది. థర్మోస్టాట్ (వేడి మించకుండా ఆపే పరికరం) లేని మ్యాట్ వాడొద్దు. థర్మోస్టాట్ ఉంటే దాని ప్రోబ్‌ను (వేడిని కొలిచే తీగ కొనను) బెడ్డింగ్ పైన కాదు, అడుగున గాజుకు ఆనించి పెట్టండి.

ఎరుపు పొట్ట పొడవునా అక్కడక్కడా ఉంటే తడి బెడ్డింగే కారణమై ఉంటుంది. పైన పొడిగా కనిపిస్తుంది, వేలు గుచ్చి చూస్తే అడుగున బురద. మొత్తం తీసేసి న్యూస్‌పేపర్ పరచండి, తడిసిన కాగితం వెంటనే మార్చండి. నీళ్లు చల్లడం ఆపండి. పొక్కులుంటే చిదమకుండా, పాముల్ని చూసే పశువైద్యుడికి చూపించండి.

కుబుసం ముక్కలుగా ఊడుతోంది

ఇది ఎండాకాలం, ఏసీ గదుల గోల. పెట్టెంతా తడపకండి. మూతున్న ప్లాస్టిక్ డబ్బాకి పాము దూరేంత కన్నం చేసి, అంచులు నున్నగా అరగదీసి, లోపల తడి కొబ్బరి పొట్టు వేసి పెట్టండి. తేమ కావలసినప్పుడు పామే వెళ్లి కూర్చుంటుంది. కంటి మీద పొర మిగిలితే గోటితో గీకొద్దు. చాలావరకు తర్వాతి కుబుసంతో పోతుంది, పోకపోతే డాక్టరు తీస్తాడు.

కొబ్బరి పొట్టు మన దగ్గర నర్సరీల్లో దొరుకుతుంది, బెడ్డింగ్‌గా మంచిదే. కానీ మొక్కల కోసం వేపపిండి, ఎరువు కలిపినది తీసుకోవద్దు. కొన్నిటిలో ఉప్పు కూడా ఎక్కువ, అందుకే రెండుసార్లు నీళ్లలో నానబెట్టి పిండెయ్యాలి. 650 గ్రాముల ఇటుకకు మూడు, నాలుగు లీటర్ల నీళ్లు పడతాయి. నానాక పిడికిట్లో గట్టిగా నొక్కితే ఉండ కట్టాలి, ఒక్క చుక్క కూడా కారకూడదు. కారితే నీడన ఆరబెట్టండి. ఐదు నుంచి ఏడు సెంటీమీటర్ల మందం వెయ్యండి. బూజు కనిపిస్తే ఆ చోటుతో సరిపెట్టకుండా మొత్తం మార్చి, గాలి కన్నాలు పెంచండి.

నోరు తెరిచి ఊపిరి, ముక్కు దగ్గర బుడగలు

ఊపిరితిత్తుల జబ్బు. దీనికి ఇంటి వైద్యం లేదు, డాక్టరు దగ్గరికే వెళ్లాలి. బెడ్డింగ్ వైపు నుంచి చూస్తే కారణాలు రెండు: చల్లగా తడిగా ఉండటం, లేదా దుమ్ము. మిల్లు దగ్గర బస్తాల్లో చవగ్గా వస్తుందని ఊక పోస్తారు. అది దుమ్ము రేపుతుంది, దాని కొనలు గుచ్చుకుంటాయి. సామిల్లు రంపపు పొట్టులో ఏ కర్ర కలిసిందో ఎవరూ చెప్పలేరు. జామాయిల్, దేవదారు లాంటి ఘాటు వాసన కర్రల పొట్టు అసలే వద్దు.

ఎలుకతో పాటు బెడ్డింగ్ కూడా మింగింది

కాస్త పొట్టు మలంలో పోతుంది. పొట్ట గట్టిగా ఉబ్బినా, తిన్నది కక్కినా ఆలస్యం చేయకండి. ఇకమీదట ఎలుక ఒంటి తడి ఆరనిచ్చి, మార్కాపురం పలక ముక్క మీద పెట్టి తినిపించండి.

నీళ్ల గిన్నెలో ఆవగింజకన్నా చిన్న నల్ల చుక్కలు, పాము గిన్నె వదలడం లేదు

ఇవి మైట్స్, పాము రక్తం పీల్చే చిన్న పురుగులు. బెడ్డింగ్‌ను కవర్లో మూటకట్టి బయట పారెయ్యండి, ఎండబెట్టి మళ్లీ వాడొద్దు. పెట్టె మూలలు, మూత సందులు వేడి నీళ్లతో కడిగి, తెల్ల టిష్యూ పేపరు పరచండి. మైట్స్ ఇంకా ఉంటే దాని మీద ఇట్టే కనిపిస్తాయి. కిరోసిన్, కర్పూరం, కుక్కల గోమార్ల మందు పాము మీద వాడొద్దు, మందు డాక్టరు చెప్పినదే. చివరి చుక్క కనబడిన రోజు నుంచి కనీసం నెలపాటు పేపరు మీదే ఉంచండి. ఆ తర్వాతే కొబ్బరి పొట్టు.